లవంగదీవి మీద తీర్మానం

సబియాకు ఒక దేశం దొరికింది. అదీ సారంగపాణి సార్ టిఫిన్ డబ్బాలోంచి.

సారంగపాణి సార్ హనుమకొండలో ఓ డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతారు. మధ్యాహ్నం చపాతీలు తిని కడిగి తుడిచిన స్టీలు డబ్బాలో చీటీలు వేసి, ఏటా ఆఖరి సంవత్సరం పిల్లలకు దేశాలు పంచుతారు. జెనీవాలో మానవ హక్కుల మండలి ఎలా కూర్చుంటుందో అలాగే బెంచీలు గుండ్రంగా వేయించి, ఫలానా దేశం తన ప్రజలను బాధలు పెడుతోందని మరో దేశం చేత తీర్మానం పెట్టించి, వాదోపవాదాలయ్యాక ఓట్లు వేయిస్తారు. నిజం దేశాల పేర్లు పెడితే రేపు పొద్దున ఎవరో ఒకరు కాలేజీ గేటు ముందు బైఠాయిస్తారని భయపడి, దేశాలన్నీ ఆయనే తయారు చేసుకున్నారు. దానికి ఒక వేసవి సెలవులు పట్టాయట. సరిహద్దులు గీయడానికి వాళ్ల అబ్బాయి రంగు పెన్సిళ్లు అరిగిపోయాయట.

సబియా చీటీ విప్పితే 'లవంగదీవి' అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో 'ఈసారి తీర్మానం ఈ దేశం మీదే' అని కూడా ఉంది. పక్కనున్న వాళ్లు తొంగిచూసి "అయిపాయె నీ పని" అన్నారు, పరీక్ష తప్పినవాళ్లను ఓదార్చినట్టు.

లవంగదీవిలో లవంగ తోటలు తప్ప చెప్పుకోదగ్గవేమీ లేవు. కూలి పెంచమని అడిగినందుకు తోటపని చేసే తొమ్మిదిమందిని ప్రభుత్వం లోపల వేసింది. అందులో ఒక ముసలామె కూడా ఉంది. బయటి నుంచి ఎవరినీ ఆ జైలు గడప తొక్కనివ్వడం లేదు. సార్ ఇచ్చిన కాగితంలో ఇంతే ఉంది. వీళ్ల మీద తీర్మానం పెట్టాల్సింది వెండిసీమ అనే పెద్ద దేశం. లవంగదీవిలో పండే లవంగాలను బేరమాడి చవకగా కొనుక్కుపోయేది కూడా అదే. ఆ వెండిసీమ చీటీ ఎవరికి వచ్చిందయ్యా అంటే, శ్రావణికి వచ్చింది.

శ్రావణి అంటే నెక్కొండలో సబియా వాళ్లింటికి రెండిళ్ల అవతల. ఒకే పలక మీద ఉమ్మేసి తుడిచిన స్నేహం వాళ్లది. డోర్నకల్ నుంచి వచ్చే పొద్దటి పాసింజరులో ఇద్దరూ కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చుని వరంగల్ దాకా వస్తారు. అక్కడ ఆటో పట్టుకుని హనుమకొండకు పోతారు. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్లు కూడా కాలేజీ ఎగ్గొట్టడం ఆనవాయితీ. ఇప్పుడు చెప్పబోయేది ఆ కిటికీ సీట్లలో ఒకటి ఖాళీ పడిన కథ. మళ్లీ నిండుతుందా లేదా అన్నదే ఇందులో సంగతంతా.

వెంకట్రాజం గురించి ముందే చెప్పాలి. ఆయన వరంగల్‌లో మందుల షాపులో పనిచేస్తాడు, అదే బోగీలో ఎక్కుతాడు, పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా నమిలి మింగుతాడు. మనిషి మంచివాడే. ఎవరికి దగ్గొచ్చినా జేబులోంచి గోలీ తీసి ఇస్తాడు. కానీ పేపర్లో ఎక్కడో ఎడారి దేశంలో ఏదో దారుణం జరిగిందని చదవగానే, కళ్లద్దాల మీదుగా సబియా వైపు చూసేవాడు.

"ఏం బిడ్డా, మీ వాళ్లు అక్కడ గట్ల జేస్తాండ్రట గదా."

ఆ దేశం మ్యాపులో ఎటువైపు ఉంటుందో కూడా సబియాకు తెలియదు. అయినా బోగీలో పదిమంది ఆమె జవాబు కోసం చూసేవారు. ఎన్నిసార్లు జరిగినా అది ఆమెకు అలవాటు కాలేదు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయ్యేది. అలాంటప్పుడల్లా శ్రావణే అందుకునేది.

"కాకా, ఈమె డోర్నకల్ అవతల ఏమున్నదో సూడలె. గంత దూరం ముచ్చట ఈమెకేం ఎరుక? నన్నడుగు చెప్తా."

"నీకెరుకనా?"

"నాకూ తెల్వదు. కని నన్నెందుకు అడుగవు?"

వెంకట్రాజం నవ్వి పేపరు తిప్పేవాడు. సబియా గొంతులో అడ్డం కరిగిపోయేది. అందుకే శ్రావణి అంటే ఆమెకు ప్రాణం.

చీటీలు తీసిన మొదట్లో ఇద్దరికీ ఇదంతా తమాషాగానే ఉంది. రైల్లో పల్లీలు తింటూ "ఓ వెండిసీమా, జర పొట్టు ఇటు పారెయ్యకు" అని ఒకరు, "లవంగదీవీ, నీ కాలు తియ్" అని ఇంకొకరు ఆడుకున్నారు. వరంగల్ స్టేషను దాకా సంధి, ఆ తర్వాత యుద్ధం అని ఒప్పందం చేసుకున్నారు. అది కాస్తా రిహార్సల్ రోజున చెడింది.

ఆ రోజు శ్రావణి లేచి మాట్లాడింది. బాగా మాట్లాడింది, ఆ పిల్లకు గొంతుంది. తొమ్మిదిమంది కూలీల గురించి చెబుతుంటే వెనక బెంచీలు కూడా నిశ్శబ్దమయ్యాయి. చప్పట్ల రుచి తగిలిందేమో, చివర్లో కాగితంలో లేని మాట ఒకటి చేర్చింది. "అయినా లవంగదీవి వాళ్ల సంగతి లోకానికి తెలియనిదా? వాళ్లెప్పుడూ అంతే." క్లాసంతా చప్పట్లు కొట్టింది.

సబియా చప్పట్లు కొట్టలేదు. అది ఉత్త చీటీ దేశమని, సార్ రంగు పెన్సిలుతో గీసిన దీవి అని ఆమెకు తెలుసు. కానీ 'వాళ్లెప్పుడూ అంతే' అన్న మాట ఆమె చాలాచోట్ల విన్నది. ఆ మాట శ్రావణి నోట వింటానని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. మర్నాడు పొద్దున ఆమె వేరే బోగీ ఎక్కింది. శ్రావణి ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ వెతికి, ఆమె అక్కడ కూర్చుని ఉండటం చూసి, ఏమైందో అర్థంకాక మొహం మాడ్చుకుని తమ పాత బోగీలోకి వెళ్లిపోయింది. ఏమైందని అడగడానికి శ్రావణికి అభిమానం అడ్డొచ్చింది, ఇదీ అని చెప్పడానికి సబియాకూ అదే అడ్డొచ్చింది. ఇద్దరూ నెక్కొండ పిల్లలే కదా, మొండితనంలో ఎవరికెవరు తీసిపోతారు.

కోపం వచ్చిన సబియా ఊరికే కూర్చోలేదు. ఓట్లు పోగుచేయడానికి బయల్దేరింది.

అప్పుడు గానీ ఆమెకు లోకం తీరు తెలిసిరాలేదు. సార్ ఇచ్చిన కాగితాల్లో నూనెపట్నం అని ఇంకో దేశముంది. లవంగదీవి లోపల వేసింది తొమ్మిదిమందినైతే, నూనెపట్నం వేసినవాళ్లకు లెక్కేలేదు. మరి దాని మీద తీర్మానం ఎందుకు లేదు? ఎందుకంటే లోకానికంతటికీ నూనె కావాలి. సరిగ్గా క్లాసులోనూ అలాగే కుదిరింది. నూనెపట్నం చీటీ రాంప్రసాద్‌కు వచ్చింది. కాలేజీ ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటరు వాళ్ల నాన్నదే. హాస్టల్ పిల్లలంతా అక్కడే దోశలు తింటారు. రాంప్రసాద్ చెబితే రెండో గిన్నె చట్నీ వస్తుంది, చెప్పకపోతే రాదు. నూనెపట్నం గురించి సబియా ఎక్కడ ఎత్తినా హాస్టల్ బెంచీలు కిటికీలోంచి చెట్లను చూడటం మొదలుపెట్టాయి.

"మనమంత ఒక్కటి సబియా" అన్నాడు రాంప్రసాద్, ఒక సాయంత్రం ఆమెను ఆపి. "ఇయ్యాల నీ మీద పెడుతరు, రేపు నా మీద పెడుతరు. అందుకే నేను 'అసలు చర్చే వద్దు' అని ప్రతిపాదన పెడుతా. గది పాసయితే శ్రావణి తీర్మానం చదువుడు గూడ ఉండదు, ఓటు గూడ ఉండదు. నా వెనక హాస్టలోళ్లు ఉన్నరు. నీ లెక్క రైల్ల వచ్చే బ్యాచ్‌ను నువ్వు తెచ్చుకో."

సబియా సరేనంది. తప్పేముంది అనుకుంది. తప్పు చేసినవాళ్లందరినీ వదిలేసి ఒక్కళ్లనే బజారుకీడిస్తే, ఆ ఒక్కళ్లు ఊరుకోవాలా?

ఇంట్లో మాత్రం లవంగదీవికి గట్టి అండ దొరికింది. సబియా వాళ్ల దాదీ మహబూబ్‌బీకి మనవరాలు ఏదో పెద్ద పంచాయితీలో నిలబడబోతోందని తెలిసింది. ఏమిటీ అని అడిగి అంతా చెప్పించుకుంది. సగం విన్నాకే ఒక నిర్ణయానికి వచ్చేసింది.

"మన దేశమేది? లవంగదీవా? అయితే మనోళ్ల తప్పేం లేదు."

"దాదీ, తొమ్మిదిమందిని జైల్లో వేసిండ్రు."

"ఊకనే ఏస్తరా? ఏదో జేసే ఉంటరు."

"కూలి పెంచుమన్నరు, గంతే."

మహబూబ్‌బీ కాస్త తగ్గింది. ఆమె వయసులో ఉండగా మిరప కల్లాల్లో కూలికి పోయిన మనిషి. కానీ దేశభక్తి దేశభక్తే. వెల్లుల్లి ఒలుస్తూ చాలాసేపు ఆలోచించి, చివరికి మనవరాలికి ఒక ఆయుధం అందించింది.

"గట్లయితే ఒక పని జెయ్యి. మా జైల్ల అన్నం మంచిగ పెడుతాన్నమని చెప్పు. ముసలామెకు రొట్టె మెత్తగ జేసి ఇస్తాన్నమని చెప్పు. నోరు మూసుకుంటరు."

సబియాకు ఆ సలహా నచ్చింది. నిజంగానే బలమైన పాయింటు అనిపించింది. మర్నాడు స్టాఫ్‌రూంకు వెళ్లి సారంగపాణి సార్‌ను అడిగింది.

"సార్, లవంగదీవి జైల్లో అన్నం ఏం పెడుతరు సార్? కాగితంలో లేదు."

సార్ చాయ్ కప్పు కింద పెట్టి ఆమెను వింతగా చూశారు. "నన్నడుగుతావేంటమ్మా? ప్రభుత్వం నువ్వు. నీ జైలు. బయటి వాళ్లనెవరినీ లోపలికి రానివ్వలేదు కదా, ఇక చూసినవాళ్లెవరు? నువ్వు చెబితేనే తెలియాలి."

సబియా "సరే సార్" అని వచ్చేసింది గానీ, మెట్ల మధ్యలో ఆగిపోయింది. తనకు తెలియదు. తన జైల్లో ముసలామె ఏం తింటోందో, అసలు తింటోందో లేదో, తనకే తెలియదు. తలుపు వేసింది తను. ఆ రోజు నుంచి ఆ ముసలామె సబియాను వదల్లేదు. అన్నం ముందు కూర్చుంటే గుర్తొచ్చేది. పేరు కూడా లేని మనిషి, కాగితం మీద సగం వాక్యంలో ఉన్న మనిషి, కంచం ఎదురుగా వచ్చి కూర్చునేది.

సమావేశం రోజు పొద్దున్నే మహబూబ్‌బీ ఇల్లంతా నేతి వాసన లేపింది. గోధుమ రొట్టెలు కాల్చి, వేడివేడిగా నలిపి, బెల్లం, నెయ్యి, యాలకులు కలిపి మలీద ముద్దలు చేసింది. పెద్ద డబ్బా నిండా పెట్టి మనవరాలి చేతికిచ్చింది.

"పంచాయితీకి ఒట్టి చేతుల్తోని పోతరా? మొదటి ముద్ద శ్రావణికియ్యి."

"శ్రావణికా? ఆమెనే మన మీద కేసు పెట్టింది దాదీ."

"అందుకే మొదలామెకు ఇయ్యి అంటాన. ఎన్ని దినాల నుంచి మనింటికి వస్తలేదు ఆ పొల్ల. నాకు కండ్లు కనబడయి అనుకుంటానవా?"

నెక్కొండలో మలీదంటే ఉత్త మిఠాయి కాదు. పీర్ల పండక్కీ మలీదే, సద్దుల బతుకమ్మకూ మలీదే. ఏ ఇంటివాళ్లు చేసినా, ఏ ఇంటివాళ్లైనా చెయ్యి చాపాల్సిందే. దానికి రెండే కట్టుబాట్లు. పెట్టినప్పుడు వద్దనకూడదు. డబ్బా మూత తీశాక, కళ్ల ముందున్నవాళ్లందరికీ పెట్టకుండా మళ్లీ మూత వేయకూడదు.

రైల్లో ఇవ్వడానికి సబియాకు ధైర్యం చాల్లేదు. పాత బోగీ దాకా పోయి, కిటికీలోంచి శ్రావణి జడ చూసి, వెనక్కి వచ్చేసింది.

హాలులో బెంచీలు గుండ్రంగా వేశారు. అట్టముక్కల మీద దేశాల పేర్లు రాసి ముందు నిలబెట్టారు. అధ్యక్ష స్థానంలో లావణ్య కూర్చుంది. క్లాసులో అందరికంటే గట్టిగా అరవగలదని ఆమెను ఎన్నుకున్నారు, అరవాల్సిన అవసరం లేకుండా సార్ ఒక ఇత్తడి గంట కూడా ఇచ్చారు. మొదటి గంటలో స్వాగతాలు, పరిచయాలు, ఒకరి దేశాన్ని ఒకరు పొగుడుకోవడాలు అయిపోయాయి. చాయ్ విరామం ఇచ్చారు.

ఇదే సమయమనుకుంది సబియా. డబ్బా తీసుకుని వెండిసీమ బెంచీ దగ్గరికి వెళ్లింది. శ్రావణి తలెత్తలేదు. సబియా ఏమనాలో తెలియక డబ్బా మూత తీసింది. నేతి వాసన గుప్పున లేచి హాలంతా పాకింది.

శ్రావణి తలెత్తి చూసింది. డబ్బాను చూసింది, మూతను చూసింది, చుట్టూ కూర్చున్న లోకదేశాలన్నింటినీ చూసింది. ఇన్నాళ్ల తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది.

"మూత తీసినవా? ఇంత మంది ముంగట? ఇగ అయిపాయె నీ పని."

సబియాకు అప్పుడు తట్టింది. ఒక్క శ్రావణికి ఇద్దామని వచ్చి నిండు హాలులో మూత తీసింది. ఇక అందరికీ పెట్టాల్సిందే. శ్రావణి ముద్ద అందుకుంది. నోట్లో పెట్టుకుంటూ ఏదో అనబోయింది, ఈలోపు రైలు బ్యాచ్ మొత్తం చేతులు చాపి లేచింది. వాళ్ల వెనక హాస్టల్ బ్యాచ్ లేచింది. సబియా బెంచీ బెంచీకి తిరిగి, ముద్దలు సగం సగం తుంచి, తన మిత్రులకీ శత్రువులకీ ఎటూ తేల్చుకోనివాళ్లకీ పెట్టుకుంటూ పోయింది. సారంగపాణి సార్‌కూ పెట్టింది. అధ్యక్షురాలికీ పెట్టింది.

మంచుగడ్డ అనే దేశం తరఫున వచ్చిన హాస్టల్ కుర్రాడు తన ముద్ద పూర్తిగా తిని, వేళ్లు నాకి, చెయ్యి తుడుచుకుని, అప్పుడు లేచి అభ్యంతరం చెప్పాడు.

"అధ్యక్షా, ఇది లంచం. ఓటింగుకు ముందు నిందితుల దేశం సభ్యులకు తినిపించింది. తీర్మానం పెట్టే వెండిసీమ గూడ తిన్నది. వెండిసీమ వాళ్లతోని కలిసిపోయింది."

హాలులో గోల లేచింది. లావణ్య గంట కొట్టాలి, 'నిశ్శబ్దం' అనాలి. కానీ ఆమె నోటి నిండా మలీద ఉంది. గంట మాత్రం గణగణ కొడుతూ, రెండో చేత్తో కాస్త ఆగమని సైగ చేస్తూ, కళ్లలో నీళ్లొచ్చేదాకా నమిలింది. అందరూ ఆమెను చూసి పడీపడీ నవ్వారు.

చివరికి సార్ లేచారు. "నిజం సమావేశాల్లోనూ దౌత్యవేత్తలు విందులిచ్చుకుంటారు. అక్కడ మలీద పెడతారో లేదో నాకు తెలియదు. మన నిబంధనల్లో నిషేధమైతే లేదు. ఇంకో ముద్ద ఉందా అమ్మా?"

ఉంది. ఇచ్చింది.

రాంప్రసాద్ ఆమె బెంచీ పక్కకు వంగి గుసగుసగా అన్నాడు. "నిన్ను అమాయకురాలివనుకున్న. ఏం ప్లాన్ ఏసినవ్ సబియా. మా దోశలు దీని ముంగట ఎంత." తను ఏ ప్లానూ వేయలేదని చెప్పినా అతను నమ్మేలా లేడు. విరామం అవగానే అతను లేచి, లవంగదీవి విషయంలో అసలు చర్చే అక్కర్లేదని ప్రతిపాదన పెట్టాడు. ఎవరి ఇంటి సంగతి వాళ్లదనీ, ఒక్క దేశాన్నే వేలెత్తి చూపడం అన్యాయమనీ చెప్పాడు. అచ్చంగా సబియా మనసులో మాటలే.

సబియా కళ్లతోనే ఓట్లు లెక్కపెట్టింది. గెలుపు తనదే. తీర్మానం చదవకుండానే పడిపోతుంది. శ్రావణి చేతిలోని కాగితం మడిచి పెట్టుకుంటుంది. 'వాళ్లెప్పుడూ అంతే' అన్న నోటికి అంతకంటే ఏం శిక్ష కావాలి?

కానీ శ్రావణి ఆ కాగితాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. అందులో ముసలామె ఉంది. చర్చే వద్దంటే ఆ ముసలామె పేరు, అసలు ఉంటే గింటే, ఈ హాలులో ఎవరూ ఎత్తరు. తను గెలుస్తుంది, ఆమె లోపలే ఉంటుంది. నోట్లో ఇంకా తీపి ఉండగా సబియాకు ఏడుపొచ్చినంత పనైంది.

"లవంగదీవి ఏమైనా మాట్లాడుతుందా?" అంది లావణ్య, నోరు ఖాళీ అయ్యాక.

మాట్లాడదని అందరికీ తెలుసు. గెలిచే కేసులో నిందితులు మాట్లాడరు. సబియా లేచి నిలబడింది. గొంతులో పాత అడ్డం పడింది. ఈసారి దాన్ని తీయడానికి శ్రావణి లేదు, ఎదుటి బెంచీలో ఉంది. దాన్ని మింగి తనే మొదలుపెట్టింది.

"అధ్యక్షురాలు గారూ, మా ఒక్కళ్లనే ఎందుకు అడుగుతున్నరని నేను అడుగుతనే ఉంటా. ఆ మాట ఇడిచిపెట్ట. నూనెపట్నాన్ని అడగనోళ్లకు మమ్ములను అడిగే మొఖం లేదు. కని ఒక సంగతి చెప్పాలె. మా జైల్ల అన్నం మంచిగ పెడుతాన్నమని చెబుదామని వచ్చిన. పెడుతాన్నమో లేదో నాకు తెల్వదు. నేనే ప్రభుత్వాన్ని, నాకే తెల్వదు. తలుపులు మూసినంక ఇంటోళ్లకు గూడ కనబడదు. మమ్ములను ఒక్కళ్లను నిలబెట్టుడు తప్పే. ఆ తప్పును చూపెట్టి, లోపలున్న ముసలామెను దాచిపెట్టుడు అంతకంటె తప్పు. నా మీద చర్చ కావాలని నేనే ఓటేస్తాన."

చేతులు లేచాయి. చర్చ వద్దనే ప్రతిపాదన ఒకే ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. ఆ ఒక్క ఓటు లవంగదీవిది.

తీర్మానం చదవడానికి శ్రావణి లేచింది. లేచింది గానీ వెంటనే చదవలేదు. పెన్ను తీసి కాగితం మీద ఒక వాక్యం కొట్టేసింది.

"చదివేముందు ఒక మాట. రిహార్సల్ నాడు 'వాళ్లెప్పుడూ అంతే' అన్న. ఆ మాట తప్పు. తొమ్మిదిమందిని లోపలేసింది ప్రభుత్వం. లోపలున్నోళ్లు గూడ లవంగదీవి వాళ్లే గదా. 'వాళ్లు' అంటే ఎవరని అన్న నేను? అన్నప్పుడే తెలవాల్సింది. నాకు సబియా బోగీ మారినంక గూడ తెల్వలేదు, ఇప్పుడు తెలిసింది. ఖండిస్తున్నం అనే మాట తీసేస్తాన. లవంగదీవి పిలిస్తే మండలి మనుషులు పోయి చూసొస్తరు. ఒక్క లవంగదీవినే చూసొస్తే సరిపోదు కాబట్టి, తర్వాత నూనెపట్నం గూడ పోతరు. ఆ తర్వాత మా వెండిసీమకు గూడ రావొచ్చు. చవకగ లవంగాలు కొని కూలోళ్ల కడుపు కొట్టింది మేమే."

"లవంగదీవి పిలుస్తున్నదా?" అంది లావణ్య.

"పిలుస్తున్నది" అంది సబియా. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఎందుకు దాచుకోవాలని, దాచుకోలేదు కూడా.

రాంప్రసాద్ లేచి, ఈ తీర్మానానికి ఓటేసినవాళ్లకు రేపటి నుంచి రెండో గిన్నె చట్నీ ఉండదని ప్రకటించాడు. అది బెదిరింపని మండలి మినిట్స్‌లో రాయమన్నారు సార్. ఓటింగులో హాస్టల్ బెంచీలన్నీ తటస్థంగా ఉండిపోయాయి. వ్యతిరేకంగా ఒక్క నూనెపట్నమే చెయ్యెత్తింది. మిగతా లోకమంతా ఔనంది. తీర్మానం నెగ్గింది. దోశకున్న పట్టు ఎంతో ఆ రోజు తేలిందనీ, మలీద బలం కూడా తేలిందనీ సార్ తర్వాత స్టాఫ్‌రూంలో చెప్పుకుని నవ్వారట.

సాయంత్రం బండిలో కిటికీ పక్క రెండు సీట్లూ నిండాయి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరి మాట ఎవరూ వినడం లేదు. అయినా అన్నీ అర్థమవుతున్నాయి. "అడిగితే ఏం పోయింది నీకు?" అంటే "నువ్వు చెప్తే ఏం పోయింది?" అనుకున్నారు. ఇద్దరికీ ఏమీ పోలేదని తేలింది. డబ్బా అడుగున మిగిలిన పొడి కోసం చిన్నగా కొట్లాడుకున్నారు కూడా.

ఎదుటి సీట్లో వెంకట్రాజం పొద్దటి పేపర్నే మళ్లీ చదువుతున్నాడు. ఒక వార్త దగ్గర ఆగాడు. కళ్లద్దాల మీదుగా సబియా వైపు చూశాడు.

"ఏం బిడ్డా, మీ వాళ్లు..."

శ్రావణి అలవాటుగా నోరు తెరిచింది. సబియా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"కాకా, మాది లవంగదీవి. దాని గురించి ఏదన్న అడుగు, చెప్తా. తప్పు చేసినం, తలుపులు తెరిచినం, చూసేటందుకు రమ్మన్నం. వేరే దేశాల ముచ్చటయితే ఇద్దరం కలిసి పేపర్లనే చదువుదాం. నీకెంత ఎరుకో నాకూ గంతే."

వెంకట్రాజం ఎన్నేళ్ల నుంచి ఎన్నిసార్లు అడిగాడో తలచుకున్నట్టున్నాడు. పేపరు మడిచి పక్కన పెట్టి, కాస్త జరిగి, ముందుకు వంగాడు.

"గా లవంగదీవి యాడుంటది బిడ్డా? నిమ్మలంగ మంచిగ సెప్పు, మొదటి నుంచి."

నెక్కొండ వచ్చేదాకా ఇద్దరూ చెప్పారు. వాళ్లు దిగేటప్పుడు ఆయన, జైల్లో ఉన్న ముసలామె సంగతి ఏమైందో రేపు తప్పక చెప్పమన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మహబూబ్‌బీ గుమ్మంలోనే కూర్చుంది. సబియా వెనకాల శ్రావణిని చూడగానే దాదీ ముఖం విప్పారింది గానీ, అది కనబడకుండా ముందు పంచాయితీ సంగతి అడిగింది. ఇద్దరూ చెప్పారు. వింటున్నకొద్దీ ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"గెలిచే పంచాయితీని చేతులార చెడగొట్టుకున్నవా? మనింటి తలుపు మనమే తీసినమా?"

"తీసినం దాదీ."

"లోపలికి వస్తరా వాళ్లు? అంత చూస్తరా?"

"చూస్తరు దాదీ" అంది శ్రావణి. "పిలిచింది మీ మనవరాలే. నన్ననొద్దు."

మహబూబ్‌బీ గోడకు చెయ్యి ఆనించి లేచింది. మనవరాలి చేతిలోంచి ఖాళీ డబ్బా తీసుకుంది, మూత తీసి అడుగు చూసింది, మళ్లీ మూత పెట్టింది. ఓడిపోయిన దేశపు మనిషిలా ఒక నిట్టూర్పు విడిచి వంటింటి వైపు నడిచింది. సగం దూరం పోయాక ఆగి వెనక్కి తిరిగింది.

"ఎంతమంది వస్తరట?"

"ఎందుకు దాదీ?"

"ఎందుకేందే. మన దేశానికొచ్చినోళ్లకు ఒట్టిగ చూపెట్టి పంపుతమా? వాళ్లకు చెయ్యాలె, లోపలున్న తొమ్మిదిమందికి గూడ చెయ్యాలె. ముసలామెకు నేను మెత్తగ నలిపి ఇస్తా. శ్రావణీ, ఊకె నిలబడకు బిడ్డా. పోయి బెల్లం పట్టుకరా, ఉన్నది సరిపోదు."